దిమ్మిస కొట్టిన మడి

నేను పోసిన కాంక్రీటు ఇంతవరకూ ఎక్కడా తనంతట తాను బీట వారలేదు. ఈ ముక్క ముందే చెప్పేసుకోవడం మంచిది, ఎందుకంటే ఆ తర్వాత చెప్పబోయేదంతా నా పరువు నేనే తీసుకునే వ్యవహారం. ఇరవై ఎనిమిదేళ్ళుగా తాపీ పని చేస్తున్నాను. మెట్లు కట్టాను, అరుగులు కట్టాను, నా ముఖం కూడా గుర్తులేని వాళ్ళ ఇళ్ళకు నేలలు పోశాను. వాళ్ళు ఆ నేలల మీదే తిరుగుతూ, మేస్త్రి ఆలస్యంగా వచ్చేవాడనీ, నోటి దురుసు ఎక్కువనీ చెప్పుకుంటారు. నేల బాగుందని మాత్రం ఎవరూ అనరు. బాగున్న నేల ఎవరి కంటికీ ఆనదు.

వాటన్నిటిలోకీ నాకు ఇష్టమైనది బడి పెరడు. పదేళ్ళ కిందట, మా అమ్మాయి గోడ పట్టుకుని నడిచే రోజుల్లో పోశాను. నాలుగంగుళాల మందం. బకెట్టు నీళ్ళు కుమ్మరిస్తే చెప్పినమాట విన్నట్టు నేరుగా మూలనున్న కాలవలోకి పోయేవి. అలాంటి నేలను పగలగొట్టమని నన్నే పిలిచారు. ఆ టర్ము సంగతే ఇది.

"నాన్నా, రేపు నువ్వు బడికి రావాలి," అంది మా అమ్మాయి ఒక సాయంత్రం, సంచీ ఇంకా భుజం నుంచి దించకుండానే.

"ఎవర్ని కొట్టావు?"

"ఎవర్నీ కొట్టలేదు."

"అయితే ఎవరి చేత తిన్నావు?"

"అబ్బా, అది కాదు నాన్నా. పెరట్లో కాంక్రీటు పగలగొట్టాలి. మేం కూరగాయలు పెంచుతున్నాం. ఎవరి నాన్నకైనా సుత్తి పట్టడం వచ్చా అని టీచరు అడిగింది. నేను చెయ్యెత్తాను." కాస్త ఆగి, "రెండు చేతులూ ఎత్తాను," అంది.

మా ఆవిడ కుట్టు మిషను ఆపి కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "వెళ్ళవయ్యా. నిన్ను బడికి రమ్మని పిలవడం నీ జన్మలో ఇదే మొదటిసారి అయ్యుంటుంది."

నాకు బడి పడదు. ఆరో తరగతిలో మానేశాను. ఎందుకని అడక్కండి. చెబితే జాలిపడతారు, జాలి నాకు గిట్టదు. అప్పటి నుంచి నాకు ఒకటే అలవాటు: ఎవరేమడిగినా తెలుసనే చెబుతాను. తెలిసినా అంతే, తెలియకపోయినా అంతే. ఆ అలవాటుతోనే ఇల్లు కట్టాను, ఇల్లాలిని తెచ్చుకున్నాను. మా అమ్మాయి ఇప్పుడు ఆ ఆరో తరగతిలోనే ఉంది.

హెడ్మాస్టరు గదిలో నాకు కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు. ఆయనా నేనూ ఒకప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. ఇద్దరం ఆ బడిలోంచే బయటికొచ్చాం. ఆయన గేటు గుండా వచ్చాడు, నేను గోడ దూకి వచ్చాను. ఇప్పుడు ఆయన నన్ను 'మేస్త్రీ' అంటాడు, నేను ఆయన్ని 'సార్' అంటాను. ఇద్దరం గోడ వైపు చూస్తూ మాట్లాడుకుంటాం.

సైన్సు టీచరమ్మ కూడా కూర్చోలేదు. ఆమెకు కూర్చునే ఓపిక లేదు. ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో, బల్ల మీద పెద్ద కాయితం పరిచి దాని మీద వేలును పరిగెత్తిస్తోంది.

"ఇదిగో మేస్త్రిగారూ, ఆరు మళ్ళు. ఒక్కోటి పన్నెండు అడుగుల పొడుగు, నాలుగు అడుగుల వెడల్పు. ఇక్కడ ముల్లంగి, ఇక్కడ బెండ, ఇక్కడ పాలకూర, ఈ చివర చిక్కుడు. పిల్లలే విత్తుతారు, పిల్లలే నీళ్ళు పోస్తారు, పిల్లలే కొలుస్తారు, పిల్లలే కోస్తారు."

"పండితే," అన్నాడు హెడ్మాస్టరు. తర్వాత నా వైపు కాకుండా నా వెనకనున్న బీరువా వైపు తిరిగి చెప్పాడు. "కమిటీ ప్రెసిడెంటుగారికి ఇది ఇష్టం లేదు మేస్త్రీ. ఆ జాగా కార్లు పెట్టుకోవడానికి కావాలంటారు. ఈ టీచరమ్మ పోరు పడలేక ఒక్క టర్ము చూద్దామన్నారు. ఆఖరి రోజు వచ్చి చూస్తారు. పచ్చగా కనిపిస్తే తోట ఉంటుంది. లేకపోతే మళ్ళీ కాంక్రీటే. ఆ పని కూడా నీకే ఇస్తాంలే."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పి, "ఇంత మంచి బేరం నాకు జన్మలో తగల్లేదు," అన్నాను. "పండితే వాళ్ళకి కూర. పండకపోతే నాకు పని."

నా జోకులకు మా ఇంట్లో ముందు నేనే నవ్వుతాను. ఆ రోజు నేనొక్కడినే నవ్వాను. అమ్మాయి కంచంలోంచి తలెత్తి నన్ను ఒకసారి చూసి మళ్ళీ దించుకుంది. ఆ చూపును నేను లెక్కచెయ్యలేదు.

నా కాంక్రీటు నాకే లొంగలేదు. మొదటి పది దెబ్బలకు సుత్తే ఎగిరెగిరి పడింది. గోడ పక్కన వరసగా నిలబడ్డ పిల్లలు దెబ్బ దెబ్బకూ లెక్కపెడుతున్నారు. పదిహేడో దెబ్బకు సన్నగా ఒక గీత పడింది. అంతే, పక్క వీధి కుక్కలు కూడా మొరిగేంత కేక పెట్టారు. నా పని పాడైనందుకు ఇంత సంబరపడినవాళ్ళను నేనెన్నడూ చూడలేదు. ఒళ్ళు మండాల్సిందే. కానీ నిజం చెప్పొద్దూ, ఆ కేకకు నా చెయ్యి ఇంకో జానెడు పైకి లేచింది.

"ఒక్క దెబ్బ అంకుల్. ఒక్కటే." "నాకూ." "వాడికి రెండిచ్చారు, నాకు ఒకటేనా?"

మధ్యాహ్నానికి మొదటి పలకను గడ్డపారతో లేపాను. కింద పదేళ్ళుగా ఎండ ఎరగని మట్టి, నల్లగా, చల్లగా. పిల్లలందరూ ఒక్కసారిగా వంగి వాసన చూశారు. ఒకమ్మాయి అందులోంచి పాత గాజు గోళీ ఒకటి తీసి, ఎవరిదని అడిగింది. పచ్చ గోళీ, లోపల ఎర్ర తీగ. అలాంటివి నా దగ్గర ఒకప్పుడు ఉండేవి. "ఎవరికి దొరికితే వాళ్ళదే," అన్నాను.

మర్నాడు టీచరమ్మ ఏదో శిక్షణకని నాలుగు రోజులు ఊరెళ్తూ నా చేతిలో ఒక కాయితం పెట్టింది. "మట్టి ఎలా ఉండాలో ఇందులో అంతా రాశాను మేస్త్రిగారూ. ఒక్కసారి చూసుకోండి, ఏమైనా అర్థం కాకపోతే ఇప్పుడే చెబుతాను."

చదవడం రాక కాదు. పేపరు చదువుతాను, సిమెంటు బస్తా మీది అక్షరాలూ చదువుతాను. కానీ కూడబలుక్కుంటూ, పెదాలు కదుపుతూ చదువుతాను. అంతమంది పిల్లలు, అందులో నా కూతురు, చూస్తుండగా పెదాలు కదపడం నా వల్ల కాలేదు.

"తెలుసులెండి," అని మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇక చూడండి, ఆ మళ్ళు కట్టాను కదా, అలాంటి మళ్ళు రాజుల కోటల్లో కూడా ఉండి ఉండవు. దారం కట్టి, చుట్టూ రెండు వరసల ఇటుక పేర్చి, లెవెల్ బద్ద పెట్టి చూస్తే లోపలి బుడగ నడిమధ్య కూర్చుంది. ఎర్రమట్టీ పశువుల ఎరువూ తోలించి నింపాను. నింపాక నా దిమ్మిస తీశాను. దిమ్మిస అంటే పొడుగాటి కర్రకు బిగించిన ఇనప దిమ్మ. దాన్ని ఎత్తి ఎత్తి కొడితే వదులు మట్టి దిగి రాయిలా అవుతుంది. వదులుగా ఉన్న మట్టిని చూస్తే నాకు ఊపిరాడదు. అది ఎప్పటికైనా కుంగుతుంది, కుంగితే మేస్త్రిని తిడతారు. అందుకని ఒక పొర పోయడం, నీళ్ళు చల్లడం, దిమ్మిస. ఇంకో పొర, నీళ్ళు, దిమ్మిస. రెండు రోజులు కొట్టాను.

బడి ఊడ్చే ఆయమ్మ చీపురు కర్ర మీద గడ్డం ఆనించి నిలబడింది. ఆమెది పొలం పనుల్లో పెరిగిన ఒళ్ళు.

"ఏం మేస్త్రీ, మొక్కలకి రోడ్డు వేస్తున్నావా?"

"నీ చీపురు సంగతి నువ్వు చూసుకో ఆయమ్మా."

"నాకెందుకులే. నడిచేది అవే కదా," అని వెళ్ళిపోయింది.

చివర్లో పైన వేలెడు మందాన జల్లెడ మట్టి పరిచి తాపీతో నున్నగా లాగాను. ఊరి నుంచి తిరిగొచ్చిన టీచరమ్మ చూసి, "ఎంత అందంగా ఉన్నాయండీ," అంది. ఇరవై ఎనిమిదేళ్ళలో నా నేలను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మాటతో రెండు రోజులు నేల మీద నడవలేదు నేను.

పిల్లలు విత్తనాలు వేశారు. నీళ్ళు పోశారు. నీళ్ళు ఇంకకుండా అద్దంలా నిలబడ్డాయి. అదీ నా పనితనమే అనుకున్నాను.

పొద్దున్నే పని చోటికి వెళ్తూ బడి ముందు సైకిల్ ఆపడం అలవాటైంది. ఎందుకాగుతున్నానో నన్ను నేను అడగలేదు. నాలుగో రోజు పిల్లలు మళ్ళ చుట్టూ బోర్లా పడుకుని చూస్తున్నారు. ఏడో రోజు ఒకడికి మొలక కనిపించింది. తీరా చూస్తే అది గడ్డిపరక. తొమ్మిదో రోజు చూసేవాళ్ళు తగ్గారు. పన్నెండో రోజు పొద్దున మా అమ్మాయి ఒక్కతే ఉంది, మూడో మడి పక్కన గొంతుక్కూచుని.

"నాన్నా, ఇటు రా. వచ్చాయి."

వెళ్ళి చూశాను. నిజమే, వచ్చాయి. ఇటుక వరసను ఆనుకుని, అంచు పొడుగునా, ఒక్క గీతలో పచ్చటి మొలకలు. మధ్యంతా బోడి. రెండో మడి కూడా అంతే. ఆరు మళ్ళూ అంతే, బోడి తల చుట్టూ ఒక వరస జుట్టు మిగిలినట్టు.

"అంచుల్లోనే ఎందుకొచ్చాయి?" అంది. అని, వేలితో మధ్యలో గుచ్చి చూసింది. పైమట్టి కిందికి వేలు దిగలేదు. చూపుడు వేలు తీసి బొటనవేలితో ప్రయత్నించింది. అదీ దిగలేదు.

అంచుల్లో దిమ్మిస పడలేదు. ఇటుకకు తగిలితే వరస కదులుతుందని రెండంగుళాలు వదిలేసి కొట్టాను. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అర్థమైందని నా ముఖంలో కనపడి ఉండాలి, ఎందుకంటే మా అమ్మాయి మట్టిని వదిలేసి నన్ను చూస్తోంది.

"విత్తనాలు పుచ్చినవి," అన్నాను. "ఆ కొట్టువాడు పాతవి అంటగట్టాడు."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మిషను ఆగి ఉంది. మా ఆవిడ, మళ్ళు కట్టినప్పుడు నేను విప్పి మూల పడేసిన చొక్కా ఒళ్ళో పెట్టుకుని, జేబులో దొరికిన కాయితం చదువుతోంది. "'మట్టి గుల్లగా ఉండాలి. తొక్కకూడదు. గట్టిపడనివ్వకూడదు.' ఏమయ్యా, ఇది నీ దగ్గర ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

నేను సైకిల్ తాళం మేకుకు తగిలించాను. అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అరిచి ఉంటే నేనూ అరిచేవాడిని, అది నాకు బాగా వచ్చిన విద్య. అది అరవలేదు. మెల్లగా అడిగింది.

"కావాలనే చేశావా నాన్నా?"

"ఏంటే ఆ మాట?"

"పండకపోతే నీకే పని అన్నావుగా. మా క్లాసులో కూడా అదే అంటున్నారు. మేస్త్రి కావాలనే గట్టిగా చేశాడని. నేను కాదని కొట్లాడాను." పెదవి బిగబట్టింది. "రెండు చేతులూ ఎత్తాను నాన్నా నేను."

కాదనడానికి ఒకటే దారి ఉంది. కావాలని కాదు, నాకు తెలీక చేశాను అనాలి. అంత చిన్న మాట. అనలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా గోడలు కట్టినవాడిని, నా కూతురికీ నాకూ మధ్య లేస్తున్న గోడను చూస్తూ ఊరుకున్నాను.

మర్నాడు పనికి పోలేదు. గడ్డపార సైకిల్‌కి కట్టుకుని బడికి వెళ్ళాను. పెరట్లో అప్పటికే అందరూ ఉన్నారు. టీచరమ్మ విత్తనాల పొట్లం తిప్పి తిప్పి చూస్తోంది. హెడ్మాస్టరు చేతులు వెనక్కి కట్టుకుని, "పోనీలెండి టీచరమ్మా, ప్రయత్నం చేశాం. కమిటీకి కబురు పెడతాను," అంటున్నాడు.

"విత్తనాలు మంచివే," అన్నాను. "నేను మట్టికి దిమ్మిస కొట్టాను. రెండు రోజులు కొట్టాను. టీచరుగారు కాయితం ఇచ్చారు, నేను చదవలేదు."

అక్కడితో ఆపేయొచ్చు. కానీ మా అమ్మాయి వెనక వరసలో నిలబడి నా చెప్పుల వైపు చూస్తోంది.

"మొక్కలకి గట్టి నేల పనికిరాదని నాకు తెలీదు," అన్నాను.

హెడ్మాస్టరు గేటు వైపు తిరిగాడు. తెలీదన్న మాట నేను చివరిసారి, ఆరో తరగతిలో, అన్నప్పుడు ఆయన నా పక్కనే, అదే బెంచీ మీద ఉన్నాడు. అప్పుడు తరగతి అంతా నవ్వింది. ఆయన కూడా. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒక పిల్ల మాత్రం, "మాకూ తెలీదు," అంది, అదేదో మామూలు సంగతన్నట్టు.

టీచరమ్మ కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. "ఆగండి మేస్త్రిగారూ. అంచుల్లో కొట్టలేదా?"

"లేదమ్మా. ఇటుక కదులుతుందని."

"ఎంత దూరం వదిలారు?"

"రెండంగుళాలు."

"పిల్లలూ, స్కేళ్ళు తియ్యండి."

ఇక నన్నెవరూ పట్టించుకోలేదు. అందరూ నేల మీద పడ్డారు. "రెండుంపావు." "ఇక్కడ రెండే." "ఒకటిన్నరలో ఉన్నదే పొడుగ్గా ఉంది టీచర్." నా తప్పును ముప్ఫై స్కేళ్ళు పెట్టి కొలిచారు, బొమ్మ గీశారు, నోటుబుక్కుల్లో ఎక్కించారు. "నేనే చేయిద్దామన్నా ఇంత బాగా రాదు ఈ ప్రయోగం," అంటోంది టీచరమ్మ. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోదామని వచ్చినవాడికి అక్కడ తీరుబాటే లేకపోయింది.

"ఆరు వారాలే ఉన్నాయి. సరిపోతుందా?" అని హెడ్మాస్టరు గాలిని అడిగాడు.

"ముల్లంగికి నెల చాలు," అంది ఆయమ్మ చీపురు ఆపకుండా. "పాలకూరకి అదీ అక్కర్లేదు. రోడ్డు తవ్వించండి ముందు."

తవ్వాం. నేను గడ్డపారతో పెళ్ళగించడం, పిల్లలు గడ్డలు చిదపడం. మోచేతుల దాకా మట్టి. చిదిమిన మట్టిలో చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగేసరికి వాళ్ళు కితకితలు పెట్టినట్టు నవ్వారు. రెండోసారి విత్తాం. కానీ ఆ రోజుల్లో ఎండ మాడ్చేస్తోంది. పొద్దున పోసిన తడి పది గంటలకే ఆరిపోతోంది.

నా బుర్రలో ఒక ఆలోచన వచ్చింది. దాన్ని చెప్పేముందు, జీవితంలో మొదటిసారి, అడిగాను. "టీచరుగారూ, కొత్తగా పోసిన కాంక్రీటును మేం ఎండకు వదిలెయ్యం. తడి గోనెపట్టాలు కప్పుతాం, లోపలి తడి పోకుండా. ఇది విత్తనాలకి పనికొస్తుందో లేదో మీరు చెప్పండి."

ఆమె వంగి మట్టిని వేలితో తాకి చూసింది. "కప్పుదాం. కానీ మొలక తల ఎత్తిన రోజే తీసెయ్యాలి. వాటికి వెలుతురు కావాలి. పొద్దునా సాయంత్రం ఎత్తి చూస్తుండాలి."

అంతకంటే మంచి పని పిల్లలకు ఇంకొకటి చెప్పగలరా? గోనె ఎత్తే వంతు కోసం జుట్లు పట్టుకున్నారు. బడి గంట కొట్టకముందే గేటు బయట గుంపు.

మా అమ్మాయి మాత్రం నాతో ఇంకా మాట్లాడటం లేదు. ఇంట్లో నేను ఎదురుగా ఉండగానే, "అమ్మా, ఆయన్ని ఆ ఉప్పు ఇటివ్వమను," అనేది. ఉప్పు నేనే జరిపేవాడిని. నా మాట విన్నది, కానీ నమ్మిందో లేదో తేలలేదు. పిల్లలు వెంటనే నమ్మరు. తాము పుట్టిన దగ్గర్నుంచీ తండ్రి అన్నీ తెలిసినట్టు మాట్లాడితే, ఒక పొద్దున తెలీదంటే ఎలా నమ్ముతారు?

అయిదో రోజు పొద్దున నేను గేటు దగ్గర సైకిల్ స్టాండు వేస్తున్నాను. పెరట్లోంచి కేక వినపడింది.

"నాన్నా, ఇటు రా. తొందరగా రా నాన్నా."

స్టాండు పడిందో లేదో చూసుకోలేదు. తర్వాత తెలిసింది, పడలేదని. నలభై నాలుగేళ్ళవాడిని, పిల్లల కాళ్ళ మధ్య దూరి వెళ్ళి మోకాళ్ళ మీద పడ్డాను. మా అమ్మాయి గోనె ఒక చివర పట్టుకుంది, నాకు రెండో చివర చూపించింది. ఇద్దరం కలిపి ఎత్తాం. మడి మడంతా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, మధ్యలో కూడా, మొలకలు. వీపు వంచి, నెత్తిన మట్టి పెళ్ళలు మోసుకుంటూ, ఒక్కొక్కటీ లేస్తున్నాయి. చిన్న చిన్న కూలీల గుంపులా ఉన్నాయి.

ఎవరో చప్పట్లు మొదలెట్టారు. మొలకలకు చప్పట్లేమిటని అనబోయాను. చూస్తే నా చేతులే.

ఆ తర్వాత రోజులు పరిగెత్తాయి. పాలకూర పిడికెడైంది, దోసెడైంది. ముల్లంగి మట్టిలోంచి తెల్లటి భుజం బయట పెట్టిందని ఒక రోజు పాఠం ఆగిపోయింది. చిక్కుడుకు దారాలు కట్టాను, ఒక్కొక్కటీ గుండు దారం వేసినంత నిటారుగా. అది నా మాట లెక్కచెయ్యకుండా పక్క దారం మీదకు, అక్కణ్ణుంచి కిటికీ ఊచకు పాకింది. వారం పొడుగునా తిట్టుకుని, చివరికి కిటికీకే ఇంకో దారం కట్టాను. ఆరో మడి మూలన ఎవరూ వెయ్యని మొక్క ఒకటి లేచింది, వెడల్పాటి ఆకులతో. ఏమిటో తెలియక, పీకనివ్వకుండా పిల్లలు దాని చుట్టూ నాలుగు పుల్లలు పాతారు. ఆయమ్మ అటు ఊడ్చేటప్పుడల్లా ముసిముసిగా నవ్వేది.

టీచరమ్మ వారానికో కాయితం ఇచ్చేది. సాయంత్రం దీపం కింద నేనూ అమ్మాయీ పక్కపక్కన కూర్చుని చదివేవాళ్ళం. నా పెదాలు కదిలేవి. మా ఆవిడ మిషను తొక్కుతూ, "గోడ దూకి పారిపోయినవాడికి ఇప్పుడు ఇంటి దగ్గర ట్యూషను," అనేది. సెలవు రోజు నేను బడి గేటు బయట నిలబడి ఊచల మధ్యలోంచి బెండ పూలు లెక్కపెట్టుకోవడం ఎవరో చూసి ఆమెకు చెప్పారు. దానికి ఆమె అన్నవి ఇక్కడ రాయను.

ఆఖరి రోజు వచ్చింది.

కమిటీ ప్రెసిడెంటుకు ప్లైవుడ్ కొట్టు ఉంది. తక్కువ మాట్లాడే మనిషి. వస్తూనే గోడ నుంచి గోడకు అడుగులు వేసి, ఎన్ని కార్లు పడతాయో పెదాల మీద లెక్కేసుకున్నాడు. పిల్లలు ముల్లంగి పీకి కడిగి చేతిలో పెట్టారు. కొరికాడు. బాగుందన్నాడు. నోటుబుక్కులు చూపించారు. తిరగేశాడు. బాగుందన్నాడు. పిల్లల ముఖాలు వెలిగిపోతున్నాయి, నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. బాగుందని తేలిగ్గా అనేవాళ్ళు ఎలాంటివాళ్ళో నాకు తెలుసు. అలాంటివాళ్ళకు చాలా ఇళ్ళు కట్టాను.

"అంతా బాగుంది," అన్నాడు హెడ్మాస్టరుతో. "కానీ పంట వచ్చేసిందిగా. కోసుకున్నారు, తిన్నారు, అయిపోయింది. ఇంక ఈ జాగా ఖాళీయేగా?"

టీచరమ్మ నోటుబుక్కులు ఒక్కొక్కటీ దగ్గరికి పేర్చుకుంది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

ప్రెసిడెంటు వెనుదిరగబోయి ఆరో మడి మూలన ఆగాడు. "ఈ పుల్లలేమిటి? ఇదేం మొక్క?"

టీచరమ్మ తన కాయితం తీసి చూసింది. "ఇక్కడ మేం ఏమీ వెయ్యలేదండి."

"మట్టి తోలించింది మేస్త్రి కదూ," అన్నాడు హెడ్మాస్టరు. "ఏం మొక్క మేస్త్రీ అది?"

అందరూ నా వైపు తిరిగారు. పాత మేస్త్రి అయితే ఏదో ఒక పేరు చెప్పేసేవాడే.

"తెలీదండి," అన్నాను. "పెరిగితే తెలుస్తుంది."

ప్రెసిడెంటు వాచీ చూసుకున్నాడు. తర్వాత ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని కూర్చుని, ఆకును రెండు వేళ్ళతో తడిమాడు.

"గుమ్మడి," అన్నాడొకడు. "పుచ్చకాయ," అంది ఇంకొకత్తె. "పుచ్చ ఆకు ఇలా ఉండదు," అన్నాడు ప్రెసిడెంటు. "పుచ్చ ఆకుకి చీలికలుంటాయి." "పొద్దుతిరుగుడు సార్." "దానికి కాడ నిటారుగా ఉంటుందిరా. ఇది చూడు, పక్కకి పోతోంది." "అయితే మీరు చెప్పండి సార్ ఏంటో." ఆయన ఆకును తిప్పి వెనక చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పావుగంట సేపు అక్కడే, ముప్ఫై మంది మధ్యలో గొంతుక్కూచుని వాదించాడు.

లేచి చేతులు దులుపుకున్నాడు. "సరే. అదేమిటో తేలేదాకా ఉంచండి," అన్నాడు. "తేలాక నాకు కబురు చెయ్యండి. కాయ కాస్తే ముందు నాకు చూపించాలి."

ఆయన కారు వీధి మలుపు తిరిగేదాకా అందరూ గేటు ఊచలు పట్టుకుని చూశారు. ఆ తర్వాత లేచిన గోల చెప్పలేను. పాలకూర మడిలో ఎవరో పడ్డారు కూడా.

నేను కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఆయమ్మ బకెట్టుతో వచ్చింది.

"అది కలుపు మొక్క మేస్త్రీ," అంది నింపాదిగా. "రెండాకులప్పుడే తెలుసు నాకు. కాయా కాయదు, పువ్వూ పుయ్యదు."

"మరి చెప్పలేదేం?"

"అడిగింది నిన్ను కదా," అని బకెట్టు ఎత్తుకుంది.

సాయంత్రం సైకిల్ మీద ఇంటికి బయల్దేరాం. వెనక మా అమ్మాయి, దాని ఒళ్ళో ముల్లంగి కట్ట, ఆకులు నా నడుముకు గుచ్చుకుంటున్నాయి. ఆయమ్మ మాట అది కూడా విన్నట్టుంది. బడి వీధి దాటాక అడిగింది.

"నాన్నా."

"ఊఁ."

"అది కలుపని నీకు ముందే తెలుసు కదా. కావాలనే తెలీదన్నావా?"

"లేదమ్మా. నిజంగానే తెలీదు."

అది ముల్లంగి కట్ట ఒళ్ళో సర్దుకుంది. తర్వాత నుదురు నా వీపుకు ఆనించి, ముల్లంగి ఆకులతో సహా ఊగిపోతూ నవ్వడం మొదలెట్టింది. సైకిల్ అటూ ఇటూ వంకర్లు పోతోంది. నేను హ్యాండిల్ సరిచెయ్యలేదు.